షూటర్ ఆట మొదటిసారి ఆడేటప్పుడు ఏ డిఫికల్టీ పెట్టుకోవాలి? ఒకేచోట ఇరుక్కుపోయాం

గన్నేరు
సాయంత్రం నుంచి ఒకటే చోట చస్తున్నాం. ఇక ఓపిక లేక ఇక్కడ అడుగుతున్నాను. ఆ ఊదారంగు వెలుతురు స్తంభం దగ్గరికి వెళ్లగానే పైనుంచి గుంపులు గుంపులుగా దిగుతారు. ఒక గుంపును ఎలాగో చంపితే వెంటనే ఇంకొకటి. ఎర్ర కవచం వాడు ఒక్కడు ఎదురుపడినా చాలు, కన్ను మూసి తెరిచేలోగా షీల్డు (ఒంటి చుట్టూ ఉండే రక్షణ పొర) పోతుంది. చివర్లో పెద్ద డాళ్లు పట్టుకుని ఇద్దరు దిగుతారు. అప్పటికి మా దగ్గర తూటాలు కూడా ఉండవు.

అడగాలనుకున్నది ఇది: షూటర్ ఆటలు కొత్తగా ఆడేవాళ్లు ఏ స్థాయి పెట్టుకోవాలి? ఉన్నవాటిలో పెద్దది పెట్టుకుంటేనే అసలు ఆట తెలుస్తుందన్నారు, అదే పెట్టాం. ఇప్పుడు తగ్గిస్తే ఇంతవరకు ఆడిందంతా పోతుందా?

తూనీగ
ఆట పేరు?

మైలురాయి
డిఫికల్టీ సంగతి తర్వాత. ముందు మీ మౌస్ సరిచూసుకోండి. కొత్తవాళ్లు పదిమందిలో తొమ్మిదిమంది ఇక్కడే దెబ్బతింటారు. విండోస్‌లో మౌస్ సెట్టింగుల్లోకి వెళ్తే పాయింటర్ ప్రెసిషన్ పెంచుతానని చెప్పే గడి ఒకటి ఉంటుంది. దాన్ని తీసేయండి. అది ఉన్నంతకాలం మీరు చెయ్యి ఎంత వేగంగా కదిపారన్నదాన్ని బట్టి గురి కదిలే దూరం మారిపోతూ ఉంటుంది. అంటే ఒకే కదలికకు రెండుసార్లు రెండు ఫలితాలు. అలాంటప్పుడు చేతికి అలవాటు ఎలా పడుతుంది? ఆ తర్వాత సెన్సిటివిటీ, అంటే కొంచెం కదిపితే గురి ఎంత తిరుగుతుందన్నది, తగ్గించండి. ఆటలో ఒక గోడకు ఎదురుగా నిలబడి, మౌస్‌ను ప్యాడ్ ఈ చివరి నుంచి ఆ చివరికి జరపండి. మీ పాత్ర ఒక చుట్టు తిరిగి మళ్లీ దాదాపు అదే గోడ ముందుకు రావాలి. రెండు మూడు చుట్లు తిరిగిందంటే చాలా ఎక్కువ పెట్టుకున్నారన్నమాట. మణికట్టుతో కాదు, మోచేతి నుంచి కదపడం నేర్చుకోండి. ఇవన్నీ చేశాక అదే డిఫికల్టీ సగం తేలికైపోతుంది.

తూనీగ
మౌస్ అని ఆవిడ ఎక్కడా అనలేదు. ఆట పేరు చెప్పండి, ఏ స్థాయో చెప్పండి. అవి లేకుండా సమాధానం లేదు.

పాతసామాను
ఊదారంగు స్తంభం, ఎర్ర కవచం, డాళ్ల జంట. ఇది హేలో మొదటి ఆట, మూడో మిషన్, ట్రూత్ అండ్ రికన్సిలియేషన్. రాత్రిపూట కొండ దారిలో స్నైపర్ తుపాకీతో మొదలవుతుంది. ఆ స్తంభం శత్రువుల ఓడలోకి ఎక్కించే గ్రావిటీ లిఫ్ట్. అవునా?

అవునంటే, ఉన్నవాటిలో పెద్దది అంటున్నారు కాబట్టి మీరు పెట్టింది లెజెండరీ. మొదటిసారి ఆడేవాళ్లకు అది తగదు. అక్కడ శత్రువుల గురి తప్పదు, దెబ్బ గట్టిగా తగులుతుంది, వాళ్ల షీల్డు మందంగా ఉంటుంది. పైగా కింది స్థాయిల్లో ఎలైట్ అనే పొడవాటి శత్రువుల్లో నీలం కవచం వాడు నిలబడే చోట చాలాసార్లు ఎర్ర కవచం వాడు వచ్చి నిలబడతాడు. మీకు అడుగడుగునా వాళ్లే కనిపించడానికి కారణం అది.

గన్నేరు
అవును, హేలోనే. లెజెండరీనే. మౌస్ లేదండీ, ఎక్స్‌బాక్స్‌లో ఆడుతున్నాం. అన్ని హేలోలూ కలిపి ఇచ్చిన మాస్టర్ చీఫ్ కలెక్షన్. నేనూ మా తమ్ముడూ టీవీ తెరను సగం సగం చేసుకుని ఆడుతున్నాం. వాడి స్నేహితులందరూ లెజెండరీలోనే పూర్తిచేశారట, అందుకని దిగనంటాడు.

పాతసామాను
ఇద్దరు ఆడుతున్నారా! దానితో చాలా మారిపోతుంది.

మొదటి హేలోలో ఇద్దరు కలిసి ఆడేటప్పుడు ఒకరు చనిపోతే ఆట వెనక్కి పోదు. రెండోవారు కాల్పుల నుంచి బయటపడి కాస్త నిమ్మళంగా ఉంటే, చనిపోయినవారు వాళ్ల పక్కనే మళ్లీ పుడతారు. ఇద్దరూ చనిపోతేనే చెక్‌పాయింటుకు, అంటే ఆట తనే చివరిసారి సేవ్ చేసిన చోటికి, వెళ్తారు. మీరు ఇద్దరూ కలిసి స్తంభం కిందికి దిగుతున్నారు, కలిసి చస్తున్నారు. ఒకరు స్నైపర్‌తో దూరంగా, బండల చాటున ఉండిపోవాలి. ముందుకు వెళ్లినవారు పడిపోతే వెనకవారు పోరాడకూడదు, దాక్కోవాలి. అదే అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే తోడు పడిపోగానే చెయ్యి ట్రిగ్గర్ మీదికే పోతుంది.

తూటాల సంగతి. స్నైపర్‌ను గ్రంట్లు అనే పొట్టి శత్రువుల మీద ఖర్చు పెట్టకండి. దాని మ్యాగజైన్‌లో పట్టేవే 4 తూటాలు. అసాల్ట్ రైఫిల్‌ను కింద పడేసి, చచ్చిన గ్రంట్ దగ్గర పడి ఉండే ప్లాస్మా పిస్టల్ తీసుకోండి. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే దాని మూతి దగ్గర పచ్చటి ఉండ పెరుగుతుంది. వదిలితే అది ఎలైట్ వెంటపడి తగులుతుంది, షీల్డు ఒక్కసారిగా పోతుంది. ఆ క్షణంలో రెండోవారు స్నైపర్‌తో తలకు గురి పెట్టాలి. ఒకరు ఊడదీయాలి, ఒకరు పడగొట్టాలి. ఇద్దరు ఆడేవాళ్లకు ఇంతకన్నా మంచి పద్ధతి నేను చూడలేదు.

డాళ్లవాళ్లను హంటర్లు అంటారు. ఎదురుగా ఎన్ని కాల్చినా దండగే. వీపు మీద కవచం లేని చోట నారింజ రంగు కండ కనిపిస్తుంది. మొదటి హేలోలో అక్కడ స్నైపర్ తూటా ఒక్కటి తగిలితే చాలు, కూలిపోతాడు. ఒకరు ముందు నిలబడి వాణ్ని తమవైపు తిప్పుకుంటే ఇంకొకరికి వీపు దొరుకుతుంది.

ఇక మీరు అడిగిన ప్రశ్న. మెనూలో ఇదే మిషన్‌ను లెజెండరీకి ఒక మెట్టు కిందున్న హీరోయిక్‌లో ఎంచుకుని మొదలుపెట్టండి. పూర్తిచేసిన రెండు మిషన్లూ ఎక్కడికీ పోవు. ఈ మూడో మిషన్ మాత్రం మొదటి నుంచి ఆడాలి.

నల్లేరు
పాతసామాను గారు చెప్పిన చిట్కాలతో నాకు పేచీ లేదు. హీరోయిక్ అన్నదానితోనే పేచీ. షూటర్లు ఎప్పుడూ ఆడని మనిషికి హీరోయిక్ ఎందుకు? నార్మల్ అని పేరు పెట్టింది మామూలు మనుషుల కోసమే కదా? మొదటిసారి కథ తెలియాలి, దారులు తెలియాలి. రెండోసారి ఎంత పెంచుకుంటే అంత.

పాతసామాను
నార్మల్ అనే మాటను నమ్ముకోకండి, అది ఆటకొక రకంగా ఉంటుంది. హేలోలో ఉన్నవి నాలుగు: ఈజీ, నార్మల్, హీరోయిక్, లెజెండరీ. నార్మల్ అంటే కింది నుంచి రెండోది. అక్కడ అసాల్ట్ రైఫిల్ నొక్కిపట్టుకుని నడుచుకుంటూ పోయినా చాలాచోట్ల గడిచిపోతుంది. ప్లాస్మాతో షీల్డు ఊడదీయడం, తూటాతో పడగొట్టడం, శత్రువు వెనక నుంచి వెళ్లి ఒక్క దెబ్బతో ముగించడం, ఇవేవీ నేర్చుకోవాల్సిన అవసరమే రాదు. చేతిలో రెండే తుపాకులు మోయగలిగే ఆట ఇది. ఏ రెండు అన్న ఆలోచనే దాని ప్రాణం. ఆ ఆలోచన రాకుండా ఆట ముగిసిపోతే ఏం మిగిలింది? హేలోను ఏళ్లుగా ఆడుతున్నవాళ్లలో చాలామంది హీరోయిక్‌నే అసలు స్థాయి అనేది ఇందుకే.

నల్లేరు
ఏళ్లుగా ఆడుతున్నవాళ్ల మాట కొత్తవాళ్లకు ఎలా సరిపోతుంది? మీకు కంట్రోలర్ మీది రెండు కర్రలతో ఒకేసారి నడవడం, గురి చూడటం చేతికి వచ్చేసింది. కొత్తవాళ్లకు అదే పెద్ద పరీక్ష. శత్రువు ఎటు ఉన్నాడో చూసుకునేలోపు చచ్చిపోతుంటే ఎత్తుగడలు ఎక్కడ నేర్చుకుంటారు?

తూనీగ
ఇద్దరిదీ సగం సగం. పేరు చూడొద్దు, ఆ స్థాయిలో ఏది మారుతుందో చూడాలి.

1993 నాటి డూమ్‌లో స్థాయి పెంచితే రాక్షసుల సంఖ్య పెరుగుతుంది, ఒక్కొక్కదాని బలం పెరగదు. అన్నిటికన్నా తేలిక స్థాయిలో మనకు తగిలే దెబ్బ సగమవుతుంది, దొరికే తూటాలు రెట్టింపవుతాయి. అన్నిటికన్నా కష్టమైన నైట్‌మేర్‌లో చచ్చినవి మళ్లీ లేస్తాయి. 1997 నాటి గోల్డెన్‌ఐలో స్థాయి పెంచితే చేయాల్సిన పనులు కూడా పెరుగుతాయి, అంటే పైస్థాయిలో ఆడితేనే ఆ మిషన్ పూర్తిగా చూసినట్టు. మాక్స్ పేన్ మనం ఆడే తీరు చూసి తనే సర్దుకుంటుంది. హాఫ్‌లైఫ్ 2లో ఆట మధ్యలో ఎప్పుడైనా మార్చుకోవచ్చు, అలాంటిదానికి ఇంత ఆలోచన అక్కర్లేదు. హేలోలో మిషన్ మళ్లీ మొదలుపెట్టాలి కాబట్టి ఆలోచించాలి.

గోళీసోడా
కాల్ ఆఫ్ డ్యూటీ 4 మొదట్లో చెక్కతో కట్టిన నకిలీ ఓడలో పరిగెత్తించి, మన సమయం చూసి ఫలానా స్థాయి పెట్టుకో అని ఆటే చెబుతుంది. అన్ని ఆటల్లోనూ అలా ఉంటే ఈ ప్రశ్నే రాదు. అదే వరసలో వరల్డ్ ఎట్ వార్‌లో అన్నిటికన్నా పై స్థాయి వెటరన్ పెట్టి చూడండి, దాక్కున్న చోటికల్లా గ్రనేడ్లు వచ్చి పడతాయి. అక్కడ నేర్చుకునేది ఏమీ ఉండదు, ఓపిక పట్టడం తప్ప.

మా తరం ఇంటర్నెట్ సెంటర్లలో ఐజీఐ అనే షూటర్ ఆడి పెరిగింది అక్కా. మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలే లేదు. చివరి తలుపు దగ్గర చచ్చినా మొదటి కంచె దగ్గరి నుంచే. కెమెరా ఎటు తిరుగుతుందో, కాపలావాడు ఏ మూల నుంచి వస్తాడో కంఠతా వచ్చేసేది. ఆ ఆటలో కష్టం ఏ స్థాయి పెట్టామన్నదానిలో లేదు, సేవ్ లేకపోవడంలోనే ఉంది.

నల్లేరు
ఐజీఐ బాగుంది కానీ గంటకింత అని డబ్బు కట్టి ఆడిన ఆట అది. చచ్చిన ప్రతిసారీ డబ్బు పోయేది. ఆ కష్టాన్ని కొత్తవాళ్లకు గొప్పగా చెప్పకండి. నాతో ఆడినవాళ్లలో ఎంతోమంది అక్కడే విసిగిపోయి ఆటలే మానేశారు. మొదటి ఆట మనిషిని నిలుపుకోవాలి.

గోళీసోడా
ఎంతోమంది అక్కడే ఆటలు మొదలుపెట్టారు కూడా.

మైలురాయి
ఎక్స్‌బాక్స్ అని తెలిసింది కాబట్టి చెబుతున్నాను. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఉంటుంది, వెంటనే పెట్టుకోండి. మామూలుగా టీవీ ప్రతి బొమ్మనూ నునుపు చేయడానికి కొంత సమయం తీసుకుంటుంది. బటన్ నొక్కడానికీ తెరపై తుపాకీ పేలడానికీ మధ్య ఆలస్యం ఆ పని వల్లే పెరుగుతుంది. లెజెండరీలో ఆ ఆలస్యమే ప్రాణం తీస్తుంది. అలాగే కుడి కర్ర సెన్సిటివిటీ మీ ఇద్దరికీ ఒకటే ఉండనక్కర్లేదు, ఎవరిది వారు మార్చుకోండి. సగం తెరలో శత్రువు చిన్నగా కనిపిస్తాడు, కాబట్టి మామూలుకన్నా కొంచెం తక్కువ వేగం మంచిది.

పాతసామాను
ఇది మంచి మాట.

నల్లేరు గారూ, కొత్తవాళ్లు నిలవాలన్నది నేనూ ఒప్పుకుంటాను. నేను చూసేది ఒక్కటే: చచ్చినప్పుడు ఎందుకు చచ్చామో తెలియాలి. "డాలువాడి ముందుకు వెళ్లాను, అందుకే" అని చెప్పుకోగలిగితే ఆ స్థాయి మనకు తగినదే, ఎన్నిసార్లు చచ్చినా సరే. ఏం జరిగిందో కూడా తెలియకుండా చెక్‌పాయింట్ దగ్గర లేస్తుంటే ఒక మెట్టు దిగాలి. చావే లేకుండా సాగిపోతుంటే ఒక మెట్టు ఎక్కాలి. వీళ్లు ఇద్దరు కాబట్టి, ఒకరు పడ్డా ఇంకొకరు నిలబెట్టగలరు కాబట్టి హీరోయిక్ అన్నాను. ఒక్కరే ఆడుతుంటే, ఇదే మొదటి షూటర్ అయితే, నార్మల్‌లో రెండు మిషన్లు ఆడి పెంచుకోమనేవాణ్ని.

ఇంకొకటి, మొదటి హేలోలో షీల్డు దానంతటదే నిండుతుంది, దాని కింద ఉన్న ఆరోగ్యం నిండదు. తెల్లటి మందుల పెట్టె దొరకాల్సిందే. ఇద్దరిలో ఎవరి ఆరోగ్యం తక్కువ ఉందో చూసుకుని వాళ్లకు వదిలేయండి.

నల్లేరు
అలా చెబితే ఒప్పుకుంటాను. కానీ తమ్ముడు దిగనంటున్నాడు కదా? పై స్థాయిలో పూర్తిచేస్తేనే పూర్తిచేసినట్టు అన్న మాట పిల్లల్లో పాతుకుపోయింది. ఆ స్నేహితులు ఎన్నోసారికి లెజెండరీ పూర్తిచేశారో అడగమనండి. మొదటిసారే కాదు.

గన్నేరు
హీరోయిక్‌లో మళ్లీ మొదలుపెట్టాం. వాణ్ని ముందుకు పంపి నేను బండల వెనక ఉన్నాను. హంటర్ వీపు కనిపించింది, ఒక్క తూటాకే పడిపోయాడు. పైకి ఎక్కేశాం, ఇప్పుడు ఓడలో దారి తెలియడం లేదు. థాంక్స్ అండీ అందరికీ.

గోళీసోడా
సంతోషం అక్కా. హేలో 2కి వెళ్లాక మాత్రం తమ్ముడు ఎంత పట్టుబట్టినా లెజెండరీ జోలికి పోకండి. అక్కడ జాకల్ అనే శత్రువుల్లోని స్నైపర్లు కనిపించకముందే ఒక్క తూటాతో తీసేస్తారు.

తూనీగ
పైగా హేలో 2 లెజెండరీలో ఇద్దరిలో ఒకరు చస్తే ఇద్దరూ చెక్‌పాయింటుకే. బండల వెనక దాక్కునే ఎత్తు అక్కడ పనిచేయదు.

నల్లేరు
అందుకే ఆ ఆట నార్మల్‌లో అంటాను.

పాతసామాను
హీరోయిక్.