బీటెక్ మధ్యలో ఒక్క సెమిస్టర్ జర్మనీలో: వెళ్లడం మంచిదా, డబ్బు దండగా?

బ్రాడీపేట కుర్రాడు:
మా పిన్ని కొడుక్కి వాళ్ల కాలేజీ నుంచి జర్మనీలో ఒక సెమిస్టర్ చదివే అవకాశం వచ్చింది. ఆదివారం ఇంట్లో దీని మీదే పంచాయితీ. "నాలుగు నెలల చదువుకి ఆరు లక్షలా?" అంటాడు బాబాయ్. అందరూ నా వైపు చూశారు, కిందటేడు వెళ్లొచ్చినవాణ్ని కదా. నేను వెళ్లమన్నాను. సరిగ్గానే చెప్పానా అని ఇప్పుడు అనుమానం. నా సంగతి చెప్తాను, మీరూ చెప్పండి.

నాది మెకానికల్. మూడో ఏడు రెండో సెమిస్టర్‌లో వెళ్లాను. కాలేజీల మధ్య ఒప్పందం ఉంది కాబట్టి అక్కడ ట్యూషన్ ఫీజు లేదు, ఇక్కడి ఫీజు ఇక్కడే కట్టాం. ఖర్చంతా బతకడానికే. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో నెలకి 992 యూరోల లెక్కన ఆరు నెలలకి 5,952 యూరోలు ముందే వెయ్యాలి. ఆ డబ్బు మనదే, అక్కడికి వెళ్లాక నెలనెలా వదులుతారు. కానీ ఒకేసారి పోగెయ్యాలిగా. అమ్మ గాజులు బ్యాంకుకి వెళ్లాయి.

అమ్మ గోంగూర, పండుమిరప పచ్చళ్లతో పాటు నెయ్యి, కోడి పచ్చడి కూడా కట్టింది. మాంసం, పాల పదార్థాలు యూరప్‌లోకి తేనివ్వరని ముందు రోజు రాత్రి తెలిసింది. కోడి పచ్చడి మమ్మల్ని శంషాబాద్‌లో దింపిన డ్రైవరన్నకి దక్కింది.

ఇక చదువు. ఇక్కడ మిడ్లు, అసైన్‌మెంట్లు, అటెండెన్స్ అని ఎవరో ఒకరు వెనకనుంచి తోస్తూనే ఉంటారు. అక్కడ తోసేవాళ్లు లేరు. ఏప్రిల్‌లో క్లాసులు మొదలయ్యాయి, నా సబ్జెక్టులు చాలావాటికి జూలై ఆఖర్లో ఒక్క పరీక్ష, మార్కంతా దాని మీదే. మే నెల హాయిగా తిరిగాను. హీట్ ట్రాన్స్‌ఫర్ పోయింది. అక్కడ 1.0 అంటే అందరికన్నా పైన, 4.0 దాకా పాస్, 5.0 అంటే ఫెయిల్. నాన్నకి ఫోన్‌లో 5.0 అని చెప్తే "పదికి అయిదేనా?" అన్నారు. అవునన్నాను.

అయినా ఎందుకు వెళ్లమన్నానంటే, అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. మా బ్యాచ్‌లో చాలామంది నలభై లక్షలు అప్పు చేసి ఎమ్మెస్‌కి వెళ్లి, అక్కడికెళ్లాక పడుతుందో లేదో తెలుసుకుంటున్నారు. నాకు పడదని నేను ఆరు లక్షల్లో తెలుసుకున్నాను.

పటమట అక్క:
తమ్ముడూ, నువ్వు పట్టి చూసిన మెతుకు వేరే కుండలోది.

నేను అమెరికాలో ఎమ్మెస్ చేసి, అక్కడే కొన్నేళ్లు ఉద్యోగం చేసి వచ్చాను. నీకు తిరుగు టికెట్ ఉంది, నెత్తిన ఎడ్యుకేషన్ లోన్ లేదు. ఆగస్టులో ఇంటికొస్తానని తెలిసినవాడి దిగులు వేరు, రెండేళ్లకి గానీ రాలేనన్నవాడి దిగులు వేరు. నాకు మొదటి నాలుగు నెలలూ ఏడుపే. ఏడో నెలకి గానీ కాలు నిలవలేదు. నువ్వు నాలుగో నెలలో లేచొచ్చి పడదని తీర్పు ఇచ్చేశావు. ఇంకొకడు ఆ నాలుగు నెలలూ పారిస్, ప్రాగ్ తిరిగొచ్చి సూపర్ అంటూ అప్పు చేసేస్తాడు. ఇద్దరూ చూసింది చుట్టపుచూపే.

వస్త్రలత బాబాయ్:
మీరిద్దరూ పెద్ద పెద్ద మాటలు మాట్లాడుతున్నారు. నా బాధ చిన్నది. మా అమ్మాయి ఇలాగే వెళ్లింది. కాలేజీ పేరు వద్దులెండి. అక్కడ 30 క్రెడిట్లూ పూర్తిచేసింది. తిరిగొచ్చాక ఇక్కడ "సిలబస్ కలవలేదు" అని రెండు సబ్జెక్టులు ఒప్పుకోలేదు.

తర్వాత కూర్చుని లెక్క అర్థం చేసుకున్నాను. యూరప్‌లో ఒక క్రెడిట్ అంటే ఇంటి దగ్గర చదివింది కూడా కలిపి 25 నుంచి 30 గంటల పని. మన దగ్గర వారానికి ఒక గంట క్లాసు చొప్పున సెమిస్టరంతా చెప్తే ఒక క్రెడిట్. నేను గుడ్డల వ్యాపారిని బాబూ. గజాన్ని మీటర్లోకి మార్చేటప్పుడు కత్తెర ఎవరి చేతిలో ఉంటుందో వాడు నష్టపోడు.

పైగా ఆగస్టులో క్యాంపస్‌కి కంపెనీలు వచ్చేసరికి అక్కణ్నుంచి మార్కుల జాబితా ఇంకా రాలేదు. అప్లికేషన్‌లో బ్యాక్‌లాగులు ఎన్ని అనే గడి దగ్గర ఏం రాయాలో తెలియక పిల్ల రాత్రంతా టెన్షన్ పడింది. మొదటి రెండు కంపెనీలు అలాగే పోయాయి.

మిర్చియార్డు:
అవన్నీ సరే, ఆ 5.0 అంటే ఏంటో నాన్నకి ఇప్పటికైనా చెప్పావా?

బ్రాడీపేట కుర్రాడు:
లేదన్నా. ఆయన ఇది చదవరనే ధైర్యం.

బాబాయ్ గారూ, వెళ్లే ముందు లెర్నింగ్ అగ్రిమెంట్ అని ఒకటి రాసుకుంటారు. అక్కడి ఏ సబ్జెక్టు ఇక్కడి దేనికి బదులో అందులో ఉంటుంది. విద్యార్థి, రెండు కాలేజీలు, ముగ్గురి సంతకాలు. నాకు ఉంది. కానీ ఒక సబ్జెక్టు జర్మన్‌లో చెప్తున్నారని వెళ్లాక తెలిసి వేరేది తీసుకున్నాను, ఆ మార్పుకి ఇక్కడివాళ్ల సంతకం తీసుకోలేదు. ఫెయిలైనది ఒకటి, ఇదొకటి, రెండూ ఏడో సెమిస్టర్‌తో పాటు రాసుకున్నాను. రెండోదానికి ఎవర్నీ అననక్కర్లేదు, బద్ధకం నాదే.

అక్కా, నాకు పడనిది ఒంటరితనం కాదు. ఆదివారం షాపులు మూసేస్తారు, శనివారం మర్చిపోతే పచ్చడి మెతుకులే. అదీ అలవాటైంది. ఎమ్మెస్‌కి మళ్లీ అక్కడికే వెళ్దామని ఇంటర్న్‌షిప్‌ల కోసం అడిగాను. నేను అడిగిన చోటల్లా జర్మన్ బీ2 ఉందా, అంటే ఆఫీసులో ధారాళంగా మాట్లాడేంత భాష వచ్చా అన్నారు. ఆ భాష మీద రెండేళ్లు కూర్చునే ఓపిక నాకు లేదు. ఈ సంగతి నాలుగో నెలలో తెలిస్తే నష్టమేంటి?

పటమట అక్క:
అది జర్మనీ సంగతి. దాన్ని పట్టుకుని ఎక్కడా ఎమ్మెస్సే వద్దనుకోవడం నాకు ఎక్కలేదు. సరే, ఇంతమందిమి వాదించుకుంటున్నాం, వెళ్లాల్సిన కుర్రాడు ఏమంటున్నాడు?

బ్రాడీపేట కుర్రాడు:
వాడు వెళ్తానంటున్నాడక్కా. నిన్న పప్పు పెట్టాడు, ఉప్పు వెయ్యలేదు. మా బాబాయ్ మాత్రం సంతకాలైన కాగితం చూశాకే డబ్బు కదుపుతానన్నాడు.

బాబాయ్ గారూ, మీ అమ్మాయికి ఒప్పుకోని ఆ రెండు సబ్జెక్టులు ఏవో కాస్త కనుక్కుని చెప్తారా? వీడిది కంప్యూటర్స్, సబ్జెక్టుల జాబితా ఇచ్చేది సోమవారం.