అంబాసిడర్ ఎస్‌యు కార్బరేటర్ డ్యాంపర్‌లో ఏ ఆయిల్ పోయాలి?

అనంతపురం మార్క్ 2:
మాది మార్క్ 2 అంబాసిడర్, నాన్న వాడిన బండి, ఇప్పటికీ ఎస్‌యు కంపెనీ కార్బరేటరే (గాలి, పెట్రోల్ కలిపి ఇంజన్‌కు పంపేది). స్టార్టింగ్, ఐడ్లింగ్ బాగున్నాయి, కానీ హైవే మీద లారీని ఓవర్‌టేక్ చేద్దామని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఒక్క క్షణం దగ్గినట్టు ఆగి తర్వాత లాగుతుంది. కార్బరేటర్ పిస్టన్ ఒక్కసారిగా లేవకుండా ఆయిల్‌తో పట్టి ఉంచే డ్యాంపర్ మూత విప్పి చూస్తే లోపల ఆయిల్ నీళ్లలా పల్చగా ఉంది. ఇక్కడ ఒక మెకానిక్ 90 గేర్ ఆయిల్ పోయమంటాడు, ఇంకొకాయన పవర్ స్టీరింగ్‌లో పోసే ఎర్ర ఆయిల్ చాలంటాడు. మన ఎండలకు ఏది మంచిదన్నా?

కర్నూలు పాతబండి:
గేర్ ఆయిల్ వద్దు తమ్ముడూ, అసలు వద్దు. నువ్వు తొక్కగానే గాలి దారిలోని బటర్‌ఫ్లై రేకు తెరుచుకుని కార్బరేటర్‌లోని పిస్టన్ ఒక్కసారిగా పైకి లేచిపోతే గాలి ఎక్కువై పెట్రోల్ చాలదు, ఆ దగ్గు అందుకే. ఆ ఆయిల్ పిస్టన్‌ను కాసేపు పట్టి ఆపితే పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం, అదే జెట్, దాని మీద లాగుడు పెరిగి పెట్రోల్ ఎక్కువ వస్తుంది. ఆయిల్ మరీ చిక్కగా ఉంటే పిస్టన్ లేవడానికే బద్ధకిస్తుంది, నల్ల పొగ, పికప్ ఉండదు. ఎర్ర ఆయిలేమో మరీ పల్చన, నీ దగ్గు ఇంకా ఎక్కువవుతుంది. కావాల్సింది ఎస్ఏఈ 20 (ఎస్ఏఈ అంటే ఆయిల్ చిక్కదనం నంబర్). ఆ పేరుతో అడిగితే షాపులో దొరక్కపోవచ్చు, ట్రాక్టర్ ఆయిల్ అమ్మేచోట 68 నంబర్ హైడ్రాలిక్ ఆయిల్ అడుగు, చిక్కదనం దాదాపు అంతే. ఇంకోటి, ఒకే స్పీడులో పోతున్నప్పుడు ఈ ఆయిల్‌కు గాలి, పెట్రోల్ మిక్చర్‌తో సంబంధం లేదు, కాబట్టి మైలేజీ కోసం దీన్ని మార్చొద్దు.

కడప ఘాట్ రోడ్:
కర్నూలన్న చెప్పింది కరెక్టే, కానీ ఎండాకాలం నేను ఇంజన్‌లో పోసే 20డబ్ల్యూ50నే డ్యాంపర్‌లోనూ పోస్తాను, గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు బానెట్ కింద వేడికి అది ఎలాగూ పల్చబడుతుంది. చలికాలం పొద్దున్నే మాత్రం ఇంజన్ వేడెక్కేదాకా కాస్త బరువుగా లాగుతుంది, అది ఒప్పుకోవాలి.

ఆయిల్ కొనే ముందు ఒక పని చెయ్యి. ఇంజన్ ఆపి, డ్యాంపర్ తీసేసి, ఎయిర్ క్లీనర్ వైపు నుంచి వేలితో పిస్టన్ పైకెత్తి వదులు. టక్‌మని కింద పడాలి. నెమ్మదిగా దిగినా, మధ్యలో పట్టేసినా లోపల మురికి ఉన్నట్టు, లేదా జెట్ సెంటర్ తప్పినట్టు, అప్పుడు ఏ ఆయిల్ పోసినా ఉపయోగం లేదు. పైన గంటలాంటి చాంబర్ విప్పి లోపలి గోడ, పిస్టన్ పెట్రోల్‌తో శుభ్రంగా తుడువు, ఆ గోడకు ఆయిల్ రాయొద్దు, పొడిగానే ఉండాలి.

అనంతపురం మార్క్ 2:
టక్‌మనే పడింది అన్నా. ఎంత పోయాలి మరి?

కర్నూలు పాతబండి:
పిస్టన్ మధ్యలో ఉన్న గొట్టంలోకి కొంచెం కొంచెంగా పోస్తూ డ్యాంపర్‌ను దించు, మూత మరలు పట్టుకునే ముందే చేతికి బిగువు తగలాలి. అంతే చాలు. ఎక్కువైంది ఇంజన్‌లోకి పోయి కాలిపోతుంది, భయం లేదు, కానీ వారం వారం ఖాళీ అవుతుంటే గొట్టం అరిగిందేమో చూపించుకో.

తాడిపత్రి పద్మిని:
నా పద్మినీ కారుకి కూడా పోయాలా అన్నా?

కడప ఘాట్ రోడ్:
దానికి సోలెక్స్ కార్బరేటర్ కదా, అందులో ఈ డ్యాంపరే ఉండదు, పోసే చోటే లేదు.