ఆదివారం రాత్రి నెట్ పోతే హోంవర్క్ లేటైనట్టా, కానట్టా?

వేలచేరి అమ్మ

మేముండేది చెన్నైలో. మా అమ్మాయి 8వ తరగతి. పెరుగు ఎలా తోడుకుంటుందో ఇంట్లో చేసి చూసి, ఫోటోలతో రాసి, ఆదివారం రాత్రి 9 గంటల్లోపు స్కూలు పోర్టల్‌లో పెట్టమన్నారు. మూడు గిన్నెల్లో పాలు తోడేసింది, ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి వంటగట్టు మీద, ఒకటి బియ్యం డబ్బాలో. అంతా రాసేసి అప్‌లోడ్ చేద్దామని కూర్చునేసరికి 7:40కి రౌటర్‌లో ఎర్ర లైటు. కరెంటు ఉంది, నెట్ లేదు. ఆపి వేశాం, వైరు పీకి పెట్టాం, ఫోన్ చేస్తే 24 గంటల్లో చూస్తామన్నారు. సరే అని హాట్‌స్పాట్ పెడితే మా అపార్ట్‌మెంట్‌లో నలభై ఇళ్లవాళ్లూ అదే పని మీద ఉన్నట్టున్నారు, 62 శాతం దాకా వెళ్లి ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి. చివరికి డాబా మీద వాటర్ ట్యాంకు నిచ్చెనెక్కి కూర్చుంది పిల్ల, ఫోన్ పైకెత్తి పట్టుకుని, నేను కింద దోమలు తోలుతూ. 9:14కి వెళ్లింది. పోర్టల్ 'లేట్' అని చూపించింది, పదికి ఐదు మార్కులు కోసేశారు. టీచర్‌కి రాస్తే, నెట్ పోయిందని ప్రతి వారం ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు, రూల్ అందరికీ ఒకటే అని జవాబు.

పద్నాలుగు నిమిషాలకి సగం మార్కులా? నెట్ పోతే గడువు పెంచాలా వద్దా, మీరే చెప్పండి.

పాతకాలం మనిషి

వద్దమ్మా. హోంవర్క్ ఎప్పుడిచ్చారు? శుక్రవారమేగా? రెండు రోజులు ఊరుకుని ఆఖరి గంటలో పెట్టబోతే నెట్ కాకపోతే కరెంటు, కరెంటు కాకపోతే ల్యాప్‌టాప్, ఏదో ఒకటి పోతుంది. ఎగ్మూరులో రైలెక్కాల్సినవాడు ట్రాఫిక్ ఉందని చెప్తే రైలు ఆగుతుందా? నేను ముప్పై ఏళ్లు టెండర్లు వేసిన మనిషిని, మధ్యాహ్నం 3 అంటే 3, 3:01కి పెట్టె మూసేస్తారు, ఎవరినీ బతిమాలుకోలేదు.

వేలచేరి అమ్మ

పెరుగుని తొందరపెట్టలేం కదండీ. శుక్రవారం సాయంత్రం మా మామగారి తద్దినానికి నెల్లూరు వెళ్లాం, శనివారం రాత్రి వచ్చాక తోడేసింది, ఆదివారం పొద్దున చూసింది, తర్వాత కూర్చుని రాసింది. ఊరికే కూర్చున్నది ఎక్కడ?

ఫైబర్ జాయింట్

మేడమ్, ఈ లైన్‌లోనే పని చేస్తాను కాబట్టి కొంచెం టెక్నికల్‌గా చెప్తాను, చిరాకు పడకండి.

ఆ ఎర్ర లైటు కింద ఎల్‌ఓఎస్ అని ఉంటుంది. మీ ఇంటికి వచ్చే గాజు తీగలో వెలుతురు రావట్లేదని అర్థం. అది వెలిగిందంటే రౌటర్‌ని ఎన్నిసార్లు ఆపి వేసినా దండగ, అరగంట అందులోనే పోతుంది. బయట ఎక్కడో తీగ తెగింది, లేదా మడత పడింది. చెన్నైలో సగం తీగలు స్తంభాల మీదా చెట్ల మీదా వేలాడుతుంటాయి, మిగతావి భూమిలో ఉంటే మెట్రో తవ్వకమో డ్రైనేజీ పనో ఏదో ఒకటి వాటిని కోసేస్తుంది. తవ్వేముందు కేబుల్ వాళ్లకి చెప్పడానికి 2023 మార్చిలో కేంద్రం 'కాల్ బిఫోర్ యు డిగ్' అని యాప్ కూడా పెట్టింది. అర్ధరాత్రి జేసీబీ తోలేవాడు యాప్ తెరిచి చూస్తాడని మనం అనుకోవాలి, అంతే.

రెండోది, అసలు దెబ్బ ఇక్కడ తగిలింది. మీ ఫైలు ఎంత సైజు? ఫోన్‌తో తీసిన ఫోటోలు అలాగే పీడీఎఫ్ చేసుంటే పన్నెండు పేజీలకి 40, 50 ఎంబీ అవుతుంది. రోజువారీ డేటా ప్లాన్‌లో ఆ రోజు కోటా అయిపోయాక చాలావాటిలో స్పీడు 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. ఆ స్పీడులో 46 ఎంబీ ఫైలు వెళ్లడానికి గంటన్నర పైనే పడుతుంది, అదీ ఎక్కడా తెగకపోతే. చాలా పోర్టళ్లలో మధ్యలో తెగితే ఆగిన చోటి నుంచి కాదు, మళ్లీ సున్నా నుంచే. అదే పేజీలని గూగుల్ డ్రైవ్‌లో స్కాన్ అని ఉంటుంది, దాంతో బ్లాక్ అండ్ వైట్‌లో తీస్తే మొత్తం మూడు ఎంబీకి దిగొచ్చు, అప్పుడు ఆరేడు నిమిషాల పని. పెరుగు ఫోటోలు మూడూ కలర్‌లో కావాలంటే వాటిని వాట్సాప్‌లో మీకు మీరే పంపుకుని దించుకోండి, చిన్నవైపోతాయి.

రౌటర్‌కి చిన్న యూపీఎస్ కొనమని ఎవరో ఒకరు చెప్తారు చూడండి. కరెంటు పోయినప్పుడు పనికొస్తుంది, తీగ తెగితే దాంతో ఏం లాభం లేదు. కొన్ని వీధుల్లో పక్క మేడ మీద కేబుల్ వాళ్ల పెట్టె ఒకటి ఉంటుంది, దానికీ కరెంటు కావాలి, అది ఆగితే మీ యూపీఎస్ మీ రౌటర్ లైట్లు చూసుకోవడానికే.

వేలచేరి అమ్మ

సరిగ్గా 46 ఎంబీనే సార్! ఎలా చెప్పారు?

ఫైబర్ జాయింట్

ఉదాహరణకి అన్నానంతే. లాటరీ టికెట్ కొనుక్కోవాల్సింది ఈ రోజు.

చాక్‌పీస్

నేను టీచర్‌ని, మీ స్కూలు కాదు లెండి. తిట్లు తినడానికే వచ్చాను.

నాకు నాలుగు సెక్షన్లు, నూట యాభై రెండు మంది పిల్లలు. మా చిన్నప్పుడు 'నోట్‌బుక్ ఇంట్లో మర్చిపోయాను టీచర్' అనేవాళ్లం, ఇప్పుడు దాని స్థానంలో 'నెట్ పోయింది మ్యామ్' వచ్చింది. అందులో నిజం ఎంతో, మిగతాది ఎంతో నాకెలా తెలుస్తుంది? ఎర్ర లైటు ఫోటో పంపిస్తారు. అది ఏ రోజుదో? ఒకబ్బాయి ఒకే ఫోటో రెండు నెలల్లో మూడుసార్లు పంపాడు, రౌటర్ పక్కన అదే మామిడిపండు.

కానీ నా బాధ అది కాదు. నా క్లాసులో ఒక పిల్లాడున్నాడు, వాళ్లమ్మ ఇళ్లల్లో పని చేస్తుంది, నాన్న ఆటో. ఇంట్లో ఫోన్ ఒకటే, అది నాన్న జేబులో ఉంటుంది, ఆయన ఇల్లు చేరేది రాత్రి పదిన్నరకి. 9 గంటల గడువు అంటే వాడికి ప్రతి వారం నెట్ పోయినట్టే. ఒక్కసారి కూడా వాళ్లింటి నుంచి నాకు మెయిల్ రాలేదు. మెయిల్ రాసేదెప్పుడూ రెండు కనెక్షన్లు ఉన్నవాళ్లే. అడిగినవాళ్లకి గడువు పెంచితే అది అడగడం తెలిసినవాళ్లకే దక్కుతుంది, అందుకే నేను ఎవరికీ పెంచేదాన్ని కాదు. తర్వాత ఆలోచిస్తే అదీ తప్పే అనిపించింది, వాడికి లేట్ పడుతూనే ఉంది కదా. ఇప్పుడు నేను చేసేది, పోర్టల్‌లో పెట్టలేకపోతే సోమవారం మొదటి పీరియడ్‌లో కాగితం మీద ఇచ్చేయమంటాను, లేట్ వేయను. పోర్టల్‌లో ఆ 9 గంటలు పెట్టేది నేను కాదు, ఆఫీసు. ఎందుకు తొమ్మిదే అని అడిగితే మొదటి నుంచీ అదే ఉంది మ్యామ్ అన్నారు.

వేలచేరి అమ్మగారూ, ఒక్కటి అడుగుతాను. 8:30కి ఆ టీచర్‌కి ఒక ఎస్సెమ్మెస్ పెట్టారా? డేటా పడుకున్నా ఎస్సెమ్మెస్ చాలాసార్లు వెళ్తుంది. గడువుకి ముందు వచ్చిన మెసేజ్‌ని నేను నమ్ముతాను, మర్నాడు పొద్దున వచ్చిన స్క్రీన్‌షాట్‌ని నమ్మను.

వేలచేరి అమ్మ

పెట్టలేదు మేడమ్. టీచర్ నంబరు మాకివ్వరు, అంతా పోర్టల్‌లోనే రాయాలి. నెట్ పోయిందని చెప్పాలన్నా నెట్ కావాలి.

నల్లకోటు

ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో భాగమని 2019లో కేరళ హైకోర్టు చెప్పింది. స్కూలుకి అది చూపించండి.

చాక్‌పీస్

అది హాస్టల్ కేసండీ. అమ్మాయిల హాస్టల్లో సాయంత్రం 6 నుంచి 10 దాకా ఫోన్లు లాక్కునే రూల్ పెడితే ఒప్పుకోని విద్యార్థినిని పంపించేశారు, కోర్టు ఆమె పక్షాన నిలిచింది. వీధిలో తీగ తెగితే హోంవర్క్ గడువు పెంచమని అందులో ఎక్కడా లేదు. ఐదు మార్కుల కోసం ఎవరూ హైకోర్టు దాకా వెళ్లరు కూడా.

పల్లికరణై చేప

పేరు ఊరికే పెట్టుకోలేదు, పల్లికరణై అంటే చెన్నైలో చిత్తడి నేల ఉన్న ప్రాంతం. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను మన బాపట్ల దగ్గర తీరం దాటింది, కానీ అంతకు ముందే 3, 4 తేదీల్లో ఇక్కడ మమ్మల్ని ముంచేసింది. మా వీధిలో నాలుగు రోజులు కరెంటు లేదు, ఫోన్‌లో సిగ్నల్ లేదు, పాల ప్యాకెట్ కోసం మోకాలి లోతు నీళ్లలో నడిచాం. అప్పుడు ఏ టీచరూ ఏమీ అడగలేదు, ప్రభుత్వమే అర్ధ సంవత్సర పరీక్షలు వాయిదా వేసింది. ఊరంతా నెట్ పోతే అందరూ నమ్ముతారు. ఒక్క వీధికి పోతే అబద్ధం అంటారు. ఇంట్లో కూర్చున్న పిల్లకి రెండింట్లో తేడా ఏముంది?

ఇంకోటి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ వానొస్తే కలెక్టర్ స్కూళ్లకి సెలవిస్తాడు. మా పిల్లల స్కూలు వెంటనే 'ఈ రోజు ఆన్‌లైన్ క్లాసు, సాయంత్రం 6కి వర్క్‌షీట్' అని మెసేజ్ పెడుతుంది. వానకి ముందు పోయేదే కరెంటు, దాని వెనకే నెట్! నెట్ ఉండదని ఖాయంగా తెలిసిన రోజునే ఏరి ఏరి ఆన్‌లైన్ పెడతారు. పాతకాలం మనిషి గారూ, ఆ వర్క్‌షీట్ ఇచ్చేదే ఆ పొద్దున, దానికి మీ రెండు రోజులు ముందే చేయడం ఎలా కుదురుతుంది?

పాతకాలం మనిషి

వాన రోజు సంగతి వేరు, అది ఒప్పుకుంటా. ఆదివారం సంగతికి మాత్రం ఒప్పుకోను. రాత్రి 7:40కి కాకుండా సాయంత్రం 4కి పెట్టుంటే ఈ గొడవే లేదు.

థర్డ్ ఇయర్

అంకుల్, సాయంత్రం 4కి మీ ఆఫీసులో ఎవరు పని ముగించేవారో చెప్పండి ముందు. మా కాలేజీలో గడువు రాత్రి 11:59, అందరం 11:50కే మొదలెడతాం, సర్వర్ పడిపోతుంది, అప్పుడు మా నెట్ బాగానే ఉంటుంది, వాళ్లదే పోతుంది. అలాంటప్పుడు మాత్రం నోరెత్తకుండా పన్నెండు గంటలు పెంచుతారు. తప్పు వాళ్ల వైపుంటే 'టెక్నికల్ ప్రాబ్లమ్', మన వైపుంటే 'ప్లానింగ్ లేదు'.

అక్కా, గూగుల్ డాక్స్‌లో రాస్తే ముందే ఆఫ్‌లైన్ ఆన్ చేసి పెట్టండి, నెట్ లేకపోయినా రాసింది పోదు, నెట్ ఉన్నంతసేపూ ఎప్పుడెంత రాసిందో తర్వాత హిస్టరీలో కనిపిస్తుంది. సాక్ష్యం అంటే ఎర్ర లైటు ఫోటో కంటే అది నయం.

పాతకాలం మనిషి

టెండర్ వేసేవాడు పని ముందే ముగిస్తాడు బాబూ. నేను మాత్రం రెండుసార్లు 2:55కి పరిగెత్తాను, అది నిజమే.

వేలచేరి అమ్మ

అందరికీ థాంక్స్. మంగళవారం మధ్యాహ్నానికి కేబుల్ కుర్రాడొచ్చాడు. మా వెనక వీధిలో కొబ్బరి మట్ట పడి తీగ తెగిందట, పావుగంటలో అతికించి, ఫైవ్ స్టార్ ఇవ్వండక్కా అని అడిగి మరీ వెళ్లాడు.

ఐదు మార్కుల కోసం ఆ టీచర్‌కి మళ్లీ రాయను. చాక్‌పీస్ మేడమ్ చెప్పిన ఆటో వాళ్లబ్బాయి గురించి చదివాక మా ఒక్క పిల్ల కోసం అడగడం నాకే ఇబ్బందిగా అనిపించింది. దాని బదులు గడువు ఆదివారం రాత్రి కాకుండా సోమవారం పొద్దున 8:30 పెట్టమని, కుదరనివాళ్లు కాగితం ఇవ్వొచ్చని ఆఫీసుకి రాద్దామని పేరెంట్స్ గ్రూపులో పెట్టాను. పదకొండు మంది సరే అన్నారు. ముగ్గురు మాత్రం వద్దే వద్దన్నారు, సోమవారం పొద్దున పిల్లల్ని లేపి స్నానానికి తోలడమే పెద్ద పనట, దానికి తోడు ఇదొకటా అని. మిగతా ఇరవై మందీ చూసి ఊరుకున్నారు, రెండు నీలం టిక్కులు పడ్డాయి.