అప్‌డేట్: మా బాబుకు పరీక్షలన్నీ పూర్తయ్యాయి

మూడో తరగతి చదువుతున్న మా బాబు లెక్కలు నోటితో చక్కగా చెప్పగలిగినా చదవడంలో, రాయడంలో బాగా వెనకబడ్డాడనీ, సైకాలజిస్టు ఒక్కరికి చూపిస్తే సరిపోతుందా అనీ రెండు నెలల క్రితం అడిగాను. సరిపోదన్నవారి మాటే నిజమైంది.

తిరుపతిలో పిల్లల వైద్యులు ముందుగా చూపు, వినికిడి పరీక్షలు చేయించారు. ఆ తర్వాతే సైకాలజిస్టు తెలివితేటల పరీక్షనూ, బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ రూపొందించిన అభ్యసన పరీక్షలనూ నాలుగు విడతలుగా చేశారు. మా ఇంట్లో తమిళం, బడిలో తెలుగు, ఇంగ్లీషు కాబట్టి, ఇబ్బందికి భాష కొత్త కావడమే కారణమా అని తేల్చుకోవడానికి స్పీచ్ థెరపిస్టు మా అత్తగారిని కూడా కూర్చోబెట్టి వివరంగా అడిగారు. బడిలో ఇన్నాళ్లూ ఎవరూ ఈ ప్రశ్న వేయలేదు.

స్పెషల్ ఎడ్యుకేటర్ ఎదుట వాడు 'పలక'ను 'పకల' అని రాసి, తుడిచి, మళ్లీ అలాగే రాశాడు. బద్ధకమని వాడిని కోప్పడిన సాయంత్రాలు గుర్తొచ్చి నాకు కన్నీళ్లు ఆగలేదు.

తెలివి వయసుకు తగినట్టే ఉందనీ, ఉన్నది నిర్దిష్ట అభ్యసన వైకల్యమనీ (అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం వంటివి కష్టమయ్యే ఇబ్బంది) అందరూ కలిసి ఒకే నివేదిక ఇచ్చారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇదీ ఒకటి. వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు చేశాం. వారానికి రెండు రోజుల ప్రత్యేక శిక్షణ సోమవారం మొదలైంది.