50 వేలలో తేలికైన, సత్తా ఉన్న ల్యాప్‌టాప్: మా పాప ఈసీఈకి ఏది తీసుకోవాలి?

నరసన్నపేట_మాస్టారు
అందరికీ నమస్కారం. మా పాప టెక్కలిలో ఈసీఈ రెండో సంవత్సరంలోకి వస్తోంది. హాస్టల్లో పెట్టలేదు, రోజూ నరసన్నపేట నుంచి బస్సే. సీటు దొరికే రోజులు తక్కువ. ఒక భుజాన రికార్డులు, క్యారేజీ, ఇంకో భుజాన ల్యాప్‌టాప్ పెట్టుకుని నిలబడాలి కాబట్టి బరువు కిలోన్నర దాటకూడదు. కానీ కోర్సుకి మ్యాట్‌ల్యాబ్ (లెక్కల సాఫ్ట్‌వేర్), వివాడో (చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్) నడవాలట. బడ్జెట్ 50 వేలు, గట్టిగా లాగితే 55. శ్రీకాకుళంలో ఒక షాపులో రైజెన్ 5 7520యూ ప్రాసెసర్ ఉన్నది చూపించి "7000 సిరీస్ సార్, లేటెస్టు, కళ్ళు మూసుకుని పట్టుకెళ్ళండి" అన్నారు. 8 జీబీ ర్యామ్, 512 ఎస్ఎస్‌డీ. తీసుకోవచ్చా? టచ్ స్క్రీన్ ఉంటే మంచిదా? ఇక్కడే కొనాలా, వైజాగ్ వెళ్ళాలా? యాంటీవైరస్ విడిగా కొనాలా?

కోట_జంక్షన్
వైజాగ్ మాత్రం వెళ్ళకండి మాస్టారూ. రెండు వేలు తగ్గుతుందని విజయనగరం నుంచి డాబాగార్డెన్స్ దాకా వెళ్ళి తెచ్చుకున్నాను. నెల తిరక్కుండా మూత తెరిచినప్పుడల్లా హింజ్ దగ్గర కిర్రుమని చప్పుడు. షాపుకి ఫోన్ చేస్తే "మాకు సంబంధం లేదు, కంపెనీకి చెప్పుకోండి". కంపెనీకి చేస్తే సర్వీస్ సెంటర్‌కి పట్టుకురమ్మన్నారు. తగ్గిన రెండు వేలూ బస్సు ఛార్జీలకీ సెలవు పెట్టిన రోజులకీ సరి. ఎక్కడ కొన్నా ముందు ఒకటే అడగండి: వారంటీ ఆన్‌సైటా, క్యారీ ఇన్నా? ఆన్‌సైట్ అయితే మనిషి ఇంటికొచ్చి చేస్తాడు. క్యారీ ఇన్ అంటే మోత మనదే. మన ఊరి పిన్‌కోడ్‌కి ఆన్‌సైట్ ఉందో లేదో కూడా అడగాలి, జిల్లా కేంద్రం దాటితే చాలామంది రారు.

నాగావళి_గట్టు
వైజాగ్ సంగతి తర్వాత. 7520యూ ముట్టుకోవద్దు. ఆ నంబర్‌లో మొదటి 7 అంటే 2023 మోడల్ అని. జనం దాన్ని చూసే పడిపోతారు. చూడాల్సింది మూడో అంకె. అక్కడ 2 ఉంటే లోపలున్నది జెన్ 2, అంటే 2019లో వచ్చిన డిజైన్. కోర్లు, అంటే చిప్‌లో పని చేసే భాగాలు, నాలుగే. అదే 7530యూ అయితే మూడో అంకె 3, జెన్ 3, ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు). బయట స్టిక్కర్ రెండింటికీ రైజెన్ 5 అనే ఉంటుంది.

పలాస_జీడిపప్పు
ఇంకా రైజెన్లూ ఇంటెల్లూ ఏటండీ బాబూ. సేల్‌లో పట్టుకుంటే మ్యాక్‌బుక్ ఎయిర్ ఎమ్1 మీ బడ్జెట్ దగ్గరికి వస్తుంది. కిలో 290 గ్రాములు. ఫ్యానే లేదు, చప్పుడు లేదు, వేడి లేదు. పొద్దున్న పలాసలో ప్యాసింజర్ ఎక్కి సాయంత్రం తిరిగొచ్చేదాకా నేను ఛార్జర్ బ్యాగులో కూడా పెట్టుకోను. 2020 నాటిదైనా ఈ రోజుకీ మీ 7530లని నిలబెట్టి ఉతుకుతుంది. మ్యాట్‌ల్యాబ్ కూడా బ్రహ్మాండంగా నడుస్తుంది.

టెక్కలి_ఈసీఈ
అన్నా, వివాడో మ్యాక్ మీద నడవదు. విండోస్, లైనక్స్ మాత్రమే. మాస్టారు ఆ పేరు రాశారు కదా. స్నాప్‌డ్రాగన్ ల్యాప్‌టాప్‌ల వైపు కూడా వెళ్ళొద్దు సార్. బరువు, బ్యాటరీ బాగుంటాయి కానీ అవి ఆర్మ్ చిప్పులు (ఇంటెల్, రైజెన్‌ల కన్నా వేరే రకం), మా ల్యాబ్ సాఫ్ట్‌వేర్లతోనూ బోర్డుల డ్రైవర్లతోనూ తలనొప్పి. ఇంకోటి, వివాడో ఒక్కటే పదుల జీబీలు తినేస్తుంది, 512కి తగ్గొద్దు.

జీటీరోడ్_సిస్టమ్స్
ఈ లైన్‌లో ఎప్పటి నుంచో ఉన్నవాడిగా చెబుతున్నాను. సీఆర్‌టీ మానిటర్లు మోసిన రోజుల నుంచి. యూట్యూబ్ చూసొచ్చి అంకెలు చదివేవాళ్ళని నమ్మకండి మాస్టారూ. 7520యూ తయారైంది 6 నానోమీటర్ల మీద, ఈ అంకె తగ్గేకొద్దీ తయారీ కొత్తది. ఆ గొప్ప 7530యూ 7 నానోమీటర్లు. ఏది కొత్తదో మీరే చెప్పండి. గ్రాఫిక్స్ కూడా 7520లో ఆర్‌డీఎన్ఏ 2, 7530లో పాతకాలపు వేగా. ర్యామ్ డీడీఆర్5. సగం తెలిసినవాళ్ళు మూడో అంకె, మూడో అంకె అని కస్టమర్లని బెదరగొడుతున్నారు.

నాగావళి_గట్టు
ఆర్‌డీఎన్ఏ 2 నిజమే. ఎన్ని యూనిట్లో కూడా చెప్పండి మరి. రెండు. వేగాలో ఏడు. నానోమీటర్ ఒకటి తగ్గితే లేని రెండు కోర్లు మొలుచుకొస్తాయా? వివాడోలో సింథసిస్ (రాసిన కోడ్‌ని సర్క్యూట్‌గా మార్చే పని) పెట్టి చూస్తే తెలుస్తుంది.

జీటీరోడ్_సిస్టమ్స్
పాప వారానికో ల్యాబ్ చేస్తుంది, చిప్పుల ఫ్యాక్టరీ పెట్టడం లేదు. రోజూ ఇలాంటివి నా చేతుల మీదుగా వెళ్తుంటాయి, ఒక్కరూ తిరిగొచ్చి స్లో అనలేదు.

నాగావళి_గట్టు
తిరిగొచ్చి ఏం చేస్తారు? ఆ చిప్ ఎల్‌పీడీడీఆర్5 తప్ప వేరే ర్యామ్ తీసుకోదు. అది బోర్డుకి అతికించే వస్తుంది. 8 కొంటే ఆ మెషిన్ బతికినంతకాలం 8 జీబీయే. అందులోంచి గ్రాఫిక్స్‌కి కొంత పోతుంది. బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు, పక్కన మ్యాట్‌ల్యాబ్ తెరిస్తే ఇంకేం మిగులుతుంది? మీ గోడౌన్‌లో స్టాక్ మిగిలిపోయి ఉంటే అలా చెప్పండి, నలుగురం సాయం పడతాం.

జీటీరోడ్_సిస్టమ్స్
మాటలు జాగ్రత్త. నేను ఎవరికీ ఏదీ అంటగట్టలేదు. నా షాపు పేరు ఇక్కడ ఎక్కడైనా రాశానా? నువ్వేటి, నీ అనుభవమేటి? ఒక్క ల్యాప్‌టాప్ వెనక మూత విప్పిన ముఖమేనా?

నాగావళి_గట్టు
విప్పాను కాబట్టే ర్యామ్ స్లాట్ లేదని తెలిసింది.

మూడులాంతర్లు_డీటీపీ
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాది శుభలేఖల పని, పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది కదా, 11కి మారితే అనూ కీబోర్డు సరిగ్గా పనిచేస్తోందా ఎవరికైనా? కొత్త మెషిన్ కొనాలంటే ఆ ఒక్క భయం. మా సీజన్ మొదలవబోతోంది.

కోట_జంక్షన్
మీరింకా పేజ్‌మేకర్‌లోనే ఉన్నారా గురూ! ఇన్‌డిజైన్‌కి మారిపోండి, యూనికోడ్‌లో హాయిగా కొట్టుకోవచ్చు.

మూడులాంతర్లు_డీటీపీ
నెలనెలా డబ్బు కట్టాలి దానికి. వంద కార్డుల ఆర్డర్ మీద ఎంత మిగులుతుందో ఒక రోజు వచ్చి మా షాపులో కూర్చుని చూడండి. పాత మ్యాటరంతా అనూలోనే ఉంది, దాన్ని మళ్ళీ మీరు కొట్టిస్తారా?

మోడరేటర్
అనూ ఫాంట్ల మీద విడిగా చర్చ ఉంది, అక్కడికి వెళ్ళండి. నాగావళి గారూ, జీటీరోడ్ గారూ, వ్యక్తిగతంగా వెళ్ళొద్దు. ఇంకోసారి అయితే రెండు పోస్టులూ తీసేస్తాను.

రాజాం_మెకానికల్
ఏ చిప్పయినా సరే, సన్నటి బాడీలో పెడితే దాని ఊపిరి దానికి అందదు. ఐ7 అని ఎగిరిగంతేసి సన్నటిది కొన్న నా రూమ్మేట్ కాటియా (మా డిజైన్ సాఫ్ట్‌వేర్) తెరిస్తే పది నిమిషాలకి వేగం సగానికి పడిపోతుంది. యూ అక్షరం ఉన్నవాటికి మామూలు లెక్క 15 వాట్లు. హెచ్ అయితే 45. నాది గేమింగ్ ల్యాప్‌టాప్, రెండు కిలోల పైమాటే, కానీ ఏం పెట్టినా లాగేస్తుంది. కాస్త బరువు మోస్తే ఏమవుతుంది, పిల్లలు ఈ రోజుల్లో మరీ సుకుమారం.

ఆమదాలవలస_అప్ప
తమ్ముడూ, నువ్వు హాస్టల్ గదిలోంచి ల్యాబ్‌కి నడుస్తావు. పల్లెవెలుగు బస్సులో రాడ్ పట్టుకుని గంట నిలబడి అప్పుడు చెప్పు సుకుమారం సంగతి. ఆ గేమింగ్ దాని ఛార్జర్ ఒక్కటే ఇటుకంత ఉంటుంది, దాన్ని లెక్కలో వేశావా? మాస్టారూ, నా మాట వినండి. కంపెనీలు వాడి వదిలేసిన బిజినెస్ ల్యాప్‌టాప్‌లు రీఫర్బిష్డ్‌లో దొరుకుతాయి. డెల్ లాటిట్యూడ్ 7490 లాంటివి కిలో 400 గ్రాముల దగ్గర ఉంటాయి, ర్యామ్ స్లాట్లు రెండు. బాడీ గట్టిది, కీబోర్డు బంగారం. ఇంట్లోంచి ఆఫీసు పని నేను అలాంటి దాని మీదే చేస్తున్నాను. ఇంటెల్ 8వ తరం అయితేనే తీసుకోండి, 7కి విండోస్ 11 అధికారికంగా పట్టదు. కొనేముందు కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీయించండి. డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ ఒకదాని కింద ఒకటి వస్తాయి. రెండోది మొదటిదాంట్లో సగానికి పడిపోయి ఉంటే బ్యాటరీ మార్చి ఇమ్మనండి.

పలాస_జీడిపప్పు
8వ తరం అంటే నాలుగు కోర్లు. ఇందాక 7520కి నాలుగు కోర్లని తిట్టిపోశారు, ఇప్పుడు అప్పగారు చెబితే అందరూ నోరు మెదపరేం?

ఆమదాలవలస_అప్ప
అది సగం ధరకి వస్తుంది, ర్యామ్ పెంచుకోవచ్చు. రెండూ నేను రాసినదాంట్లోనే ఉన్నాయి, ఇంకోసారి చదువుకోండి.

నరసన్నపేట_మాస్టారు
అందరికీ ధన్యవాదాలు. సెకండ్ హ్యాండ్ అంటే ఇంట్లో ఒప్పుకోవడం లేదు, అప్పగారు ఏమనుకోవద్దు. నిన్న ఇంకో షాపుకి వెళ్ళాం. ఐ5 1235యూ ఒకటి, ఐ7 1255యూ ఒకటి చూపించారు. ఐ7కి తొమ్మిది వేలు ఎక్కువ. రెండూ ఒకే బాడీ. అదే షాపులో 7530యూ కూడా ఉంది.

నాగావళి_గట్టు
ఆ తొమ్మిది వేలు జేబులో పెట్టుకోండి. 1235యూ, 1255యూ రెండింటిలోనూ పదే కోర్లు, రెండు పెద్దవి, ఎనిమిది చిన్నవి. థ్రెడ్లూ పన్నెండే. ఐ7 స్పీడ్ కాస్త ఎక్కువ, గ్రాఫిక్స్ కాస్త ఎక్కువ, అంతే. ఆ సన్నటి బాడీలో ఆ కాస్తా బయటికి రాదు. ఈ ఒక్క విషయంలో రాజాం తమ్ముడు చెప్పింది కరెక్టు.

జీటీరోడ్_సిస్టమ్స్
ఇది నిజం. నేనూ ఇదే చెబుతాను. ఇంటెల్‌లో ఇంకోటి ఉంది, ర్యామ్ ఒకే స్టిక్ ఉంటే గ్రాఫిక్స్ పేరు ఐరిస్ ఎక్స్‌ఈ అని చూపించదు, యూహెచ్‌డీ అని చూపిస్తుంది. ర్యామ్ ఛానెల్ రెండూ నిండితేనే ఐరిస్. కస్టమర్లు వచ్చి మోసం చేశారని నా మీద పడతారు.

టెక్కలి_ఈసీఈ
షాపులో స్క్రీన్ చూసేటప్పుడు లైట్ల కింద చూడొద్దు సార్, గుమ్మం దగ్గరికి తెచ్చి చూడండి. 250 నిట్స్ (వెలుతురు కొలత), 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (రంగుల కొలత) అని రాసి ఉంటే కిటికీ పక్కన కూర్చున్నప్పుడు మన ముఖమే కనిపిస్తుంది. మా క్లాసులో సగం మందివి అవే.

నరసన్నపేట_మాస్టారు
తీసుకున్నాం. 7530యూ. 8 జీబీ బోర్డు మీద ఉంది, ఒక స్లాట్ ఖాళీ. షాపు పక్కనే కిరాణా కొట్టు ఉంటే, ఆయన్ని అడిగి కాటా మీద పెట్టి తూచాం. ల్యాప్‌టాప్ కిలో 430. ఛార్జర్ తీగతో సహా 310. ఆ 310 సంగతి బాక్స్ మీద ఎక్కడా లేదు. కొట్టాయన "కందిపప్పు ధరకి ఇస్తారా సార్" అని ఒకటే నవ్వు. ర్యామ్ 16కి పెంచమంటే షాపులో చెప్పిన రేటు విని ఊరుకున్నాను.

కోట_జంక్షన్
2025 చివరి నుంచి అలాగే ఉంది. చిప్పులన్నీ ఏఐ డేటా సెంటర్లకి పోతున్నాయి, మనకి మిగిలినవే. ఇంతకీ ఆన్‌సైటేనా?

పలాస_జీడిపప్పు
ఛార్జర్‌తో కలిపి కిలో 740 అన్నమాట. నేను ముందే చెప్పాను.

టెక్కలి_ఈసీఈ
టైప్ సీ ఛార్జింగ్ ఉంటే ఆ ఛార్జర్ ఇంట్లోనే ఉంచేయండి సార్. 65 వాట్ల గ్యాన్ రకం ఛార్జర్ చిన్నది కొంటే ఫోన్‌కీ అదే. పోర్ట్ పక్కన గుర్తు చూడండి, కొన్నింటికి టైప్ సీ ఉన్నా అందులోంచి ఛార్జింగ్ ఎక్కదు.

జీటీరోడ్_సిస్టమ్స్
ర్యామ్ కొత్తది కొనకండి మాస్టారూ. డీడీఆర్4 ల్యాప్‌టాప్ స్టిక్ 8 జీబీది నా దగ్గర అప్‌గ్రేడ్ చేసినప్పుడు తీసినవి ఉన్నాయి. ఆదివారం ఏడు రోడ్ల కూడలి దగ్గరికి వచ్చి ఫోన్ చేయండి. స్టిక్ ధర వేరే అడగను, బిగించిన కూలి ఇచ్చుకోండి చాలు. మూత విప్పితే వారంటీ పోతుందేమో ముందు కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోండి.

నాగావళి_గట్టు
ఆ స్టిక్ స్పీడ్ 3200దా, 2666దా? 2666 పెడితే బోర్డు మీదున్నది కూడా దానితో పాటు 2666కే దిగిపోతుంది.

జీటీరోడ్_సిస్టమ్స్
3200దే. కావాలంటే నువ్వూ రా, లేబుల్ చదువుకుందువు గాని.