హోండా ఎస్2000 గేర్‌బాక్స్ ఆయిల్: రేసింగ్ ఆయిల్ పోయాలా, కంపెనీదే పోయాలా?

డాలస్ నుంచి ప్రశ్న:

అందరికీ నమస్తే. ఈ మధ్యే 2005 హోండా ఎస్2000 సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా, ఏపీ2 (ఈ మోడల్‌లో రెండో వెర్షన్), 2.2 లీటర్ ఇంజిన్, బాగానే తిరిగిన బండి, గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారో పాత ఓనర్ దగ్గర కాగితం ఏమీ లేదు. పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు సెకండ్ నుంచి థర్డ్ వేస్తుంటే కర్రుమంటోంది, కాసేపు తిరిగాక తగ్గిపోతోంది. ఆఫీసులో ట్రాక్ డేలకి వెళ్లే ఫ్రెండ్ ఒకడున్నాడు, వాడేమో 75డబ్ల్యూ-140 అని బాగా చిక్కటి జీఎల్-5 రకం రేసింగ్ ఆయిల్ పోసెయ్, 8,000 ఆర్‌పీఎం లాగే బండికి పల్చటి ఆయిల్ ఏం ఆగుతుందిరా అంటున్నాడు. పార్ట్స్ షాపులో కౌంటర్ దగ్గరాయన వెనక డిఫరెన్షియల్‌లో (రెండు చక్రాలకీ పవర్ పంచే గేర్ల పెట్టె) ఎల్ఎస్‌డీ, అంటే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, దాని ఎడిటివ్ కూడా కలపాలన్నాడు. ఎవరి మాట వినాలో తెలీట్లేదు. ఇంట్లో నేనే మార్చుకుందామని ఉంది, తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పరూ.

హ్యూస్టన్ నుంచి:

ఖరీదైనదే పోసెయ్ బ్రో, గేర్‌బాక్స్ పోతే అయ్యే ఖర్చు ముందు ఇదెంత. జీఎల్-5 అంటే జీఎల్-4 కన్నా పైదేగా, పై గ్రేడ్ పోస్తే నష్టమేముంది.

న్యూజెర్సీ నుంచి:

తమ్ముడూ ఆగు, ఇంకా ఏమీ కొనకు. హ్యూస్టన్ బ్రదర్ ఏమీ అనుకోవద్దు గానీ ఐదో క్లాసు పాసైనోడికి నాలుగో క్లాసు వచ్చే ఉంటుంది అన్న లెక్క జీఎల్ నంబర్లకి పనికిరాదు, గేర్ ఆయిల్ ఏ పనికో చెప్పే నంబర్లు అవి.

జీఎల్-5 అనేది డిఫరెన్షియల్‌లో ఉండే హైపాయిడ్ గేర్ల కోసం. అక్కడ చిన్న పినియన్ గేర్ పళ్లు పెద్ద క్రౌన్ వీల్ పళ్ల మీద గట్టిగా ఒత్తుకుంటూ పక్కకి జారతాయి, మెటల్‌కి మెటల్ అంటుకోకుండా సల్ఫర్-ఫాస్ఫరస్ ఎడిటివ్స్ దండిగా వేస్తారు. గేర్‌బాక్స్‌లో గేర్ పడేముందు స్పీడ్‌లు కలిపే సింక్రో పని దానికి పూర్తిగా రివర్స్. సింక్రో రింగు గేర్ మీదుండే కోన్‌ని పట్టుకోవాలి, ఆ రాపిడితోనే గేర్‌దీ షాఫ్ట్‌దీ స్పీడ్ కలుస్తుంది, కలిశాకే గేర్‌ని లాక్ చేసే స్లీవ్ లోపలికి దూరుతుంది. జారుడు ఎక్కువైతే ఆ పట్టు దొరకదు, దొరికేలోపే నువ్వు లివర్ నెట్టేస్తావు, నువ్వు వినే కర్రు అదే. ఇత్తడి సింక్రోలని జీఎల్-5లో సల్ఫర్ తినేస్తుందని పాత మెకానిక్‌లు చెప్పేవాళ్లు, అది అబద్ధం కాదు, ఇప్పటి మంచి బ్రాండ్లలో ఆ భయం చాలావరకు తగ్గింది. జారుడు గొడవ మాత్రం తగ్గలేదు. పైగా 2004 నుంచి ఎస్2000లో కార్బన్ సింక్రోలు పెట్టారు, హోండా ఎంటీఎఫ్ (కంపెనీ అమ్మే మాన్యువల్ గేర్‌బాక్స్ ఆయిల్) ఎంత పట్టు ఇస్తుందో ఆ లెక్క చూసుకునే తయారు చేసినవి అవి.

ఇక 140 సంగతి. నీ బండికి కంప్లైంట్ వచ్చేదే చల్లగా ఉన్నప్పుడు. చిక్కటి ఆయిల్ పోస్తే కోన్ మీద నుంచి ఆ పొర పక్కకి తప్పుకోడానికే టైమ్ పడుతుంది, అప్పుడు పొద్దున పూట థర్డే కాదు సెకండూ మొండికేస్తుంది. పెద్ద ఇంజిన్ అంటే చిక్కటి ఆయిల్ అనుకునేవాళ్లు ఒకసారి సీ5 కార్వెట్ చూడాలి, 5.7 లీటర్ వీ8 పవర్ మోసే ట్రెమెక్ టీ-56 మాన్యువల్ గేర్‌బాక్స్‌లో పోసేది డెక్స్‌రాన్ ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ బండ్లలో పోసే ఆ ఎర్ర నీళ్లు!

నీ ఫ్రెండ్‌ది మరీ తెలివితక్కువ మాటని అనట్లేదు. పోర్షే 911, సుబారు ఎస్‌టీఐ లాంటి వాటిలో గేర్‌బాక్సూ డిఫరెన్షియలూ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి, వాటికి జీఎల్-5 కావాల్సిందే, అదీ సింక్రోలకి పడేలా చేసినదే పోస్తారు. నీ బండిలో గేర్‌బాక్స్ ఇంజిన్ వెనకాల, డిఫ్ వెనక చక్రాల మధ్యన, రెండు వేరు వేరు పెట్టెలు, రెండు వేరు ఆయిల్స్. ఏ బండికైనా ఆయిల్ కొనేముందు చూసుకోవాల్సింది ఇదే, బాటిల్ మీద రేసింగ్ అని ఉందా లేదా అన్నది తర్వాత.

నీకు కావాల్సినవి: గేర్‌బాక్స్‌కి హోండా ఎంటీఎఫ్ రెండు క్వార్ట్‌లు, పట్టేది దాదాపు 1.5 లీటర్లే కాబట్టి కొంచెం మిగుల్తుంది. డిఫ్‌కి 90 గ్రేడ్ జీఎల్-5 ఒక క్వార్ట్, ముప్పావు లీటర్ పడుతుంది. ఎల్ఎస్‌డీ ఎడిటివ్ అక్కర్లేదు, అది క్లచ్ ప్లేట్లు ఉండే ఎల్ఎస్‌డీలకి, నీది టోర్సెన్, లోపల అంతా గేర్లే.

డాలస్ నుంచి:

చాలా థ్యాంక్స్ అన్నా, ఇంత ఓపిగ్గా ఎవరూ చెప్పలేదు. మార్చేటప్పుడు జాగ్రత్తలు కూడా చెప్తే ఈ వీకెండ్ మొదలుపెడతా. ఇంకోటి, ఎంటీఎఫ్ దొరక్కపోతే ఇంజిన్ ఆయిల్ పోయొచ్చని ఎవరో అన్నారు, జోకా?

న్యూజెర్సీ నుంచి:

జోక్ కాదు, ఓనర్ మాన్యువల్‌లోనే ఉంది, ఎంటీఎఫ్ దొరక్కపోతే 10డబ్ల్యూ-30 గానీ 10డబ్ల్యూ-40 గానీ తాత్కాలికంగా పోయొచ్చని. డాలస్‌లో హోండా డీలర్లకేం కొదవ, నీకా అవసరం రాదులే.

అన్నిటికన్నా ముందు, కింద డ్రెయిన్ ప్లగ్ ముట్టుకోకముందే పక్కనున్న ఫిల్లర్ ప్లగ్ ఊడుతుందో లేదో చూడు. ఆయిల్ అంతా దించేశాక ఫిల్లర్ బిగుసుకుపోయిందని తెలిస్తే బండి షాపుకి తీసుకెళ్లడానికి కూడా పనికిరాదు. పది నిమిషాలు తిప్పి గోరువెచ్చగా అయ్యాక దించు, మరీ కాలిపోయేంత వేడి వద్దు. నాలుగు పక్కలా జాక్ స్టాండ్‌లు వేసి బండి లెవెల్‌గా ఉంచు, ముందు మాత్రమే ఎత్తితే లెవెల్ తప్పు చూపిస్తుంది, ఇక ఉత్త జాక్ మీద నిలబెట్టి కిందకి దూరే పని అస్సలు చేయకు.

డ్రెయిన్ ప్లగ్‌కి అయస్కాంతం ఉంటుంది. దాని మీద బూడిద రంగు మెత్తటి పేస్ట్ ఉంటే కంగారు పడకు, మామూలే. వేళ్ల మధ్య నలిపి చూడు, గోటికి తగిలే ముక్కలుంటే ఫోటో తీసి ఇక్కడ పెట్టు. అల్యూమినియం వాషర్లు పాతవి మళ్లీ వాడొద్దు, కొత్తవి వేసి టార్క్ రెంచ్‌తో బిగించు, సుమారు 30 ఫుట్‌పౌండ్లు, కచ్చితమైన అంకె ఏ ప్లగ్‌కి ఎంతో సర్వీస్ మాన్యువల్‌లో చూసుకో. కేస్ అల్యూమినియం కదా, బలం చూపిస్తే మరలు పోతాయి. హ్యాండ్ పంప్‌తో నింపు, ఫిల్లర్ హోల్ అంచు నుంచి సన్నగా కారడం మొదలవగానే ఆపి ప్లగ్ పెట్టెయ్. డిఫ్ కూడా ఇంతే.

హైదరాబాద్ నుంచి:

అన్నా మధ్యల వస్తున్నా, ఏమనుకోకు. నా దగ్గర ఆక్టేవియా ఆర్ఎస్ ఉంది, 2017ది, ఆరు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్). నేను కూడా ఇట్లనే ఇంట్ల చేస్కోవచ్చా?

న్యూజెర్సీ నుంచి:

వద్దు బ్రదర్. అది వెట్ క్లచ్, క్లచ్‌లూ గేర్లూ అదే ఆయిల్‌లో తడుస్తాయి, దానికి డీఎస్‌జీ ఫ్లూయిడ్ తప్ప ఇంకేదీ పోయకూడదు. ఫిల్టర్ మార్చాలి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఆయిల్ టెంపరేచర్ 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు స్కానర్‌లో చూసుకుంటూ లెవెల్ పెట్టాలి. స్కానరూ లిఫ్టూ ఉన్నచోటే చేయించు, ఏ ఆయిల్ పోస్తున్నారో బాటిల్ అడిగి చూడు.

డాలస్ నుంచి:

అన్నా పని అయిపోయింది. పాత ఆయిల్ నల్లగా, కంపు కొడుతూ వచ్చింది, ప్లగ్ మీద పేస్టే, ముక్కలు లేవు. కొత్తది పోశాక షిఫ్ట్ చాలా మెత్తబడింది, కానీ పొద్దున థర్డ్ ఇంకా కొంచెం పట్టేస్తోంది. ఇప్పుడు గమనిస్తే బండి ఆగి ఉన్నప్పుడు రివర్స్ వేసినా కర్రుమంటోంది.

న్యూజెర్సీ నుంచి:

ఈ రివర్స్ మాట ముందే చెప్పుంటే బాగుండేది! ఆగిన బండిలో క్లచ్ పూర్తిగా తొక్కి రెండు మూడు సెకన్లు ఆగి వేసినా రివర్స్ అరుస్తోందంటే క్లచ్ పూర్తిగా వదలట్లేదని అనుమానించాలి, దానికి ఏ ఆయిల్ పోసినా లాభం లేదు. క్లచ్ రిజర్వాయర్ మూత తీసి చూడు, ఫ్లూయిడ్ కాఫీ రంగులో ఉంటే బ్లీడ్ చేసి (పాతదీ లోపలి గాలీ బయటికి తీసి) కొత్త డాట్ 3 బ్రేక్ ఫ్లూయిడ్ పొయ్యి. అలాగే పెడల్ పైన మాస్టర్ సిలిండర్ రాడ్ దగ్గర, కింద గేర్‌బాక్స్ దగ్గరుండే స్లేవ్ సిలిండర్ రబ్బర్ బూట్ లోపల తడి ఉందేమో చూడు, తడి తగిలితే ఆ సిలిండర్ మార్చాలి. క్లచ్ సరిచేశాక కూడా థర్డ్ ఒక్కటే అరిస్తే అప్పుడు సింక్రో గురించి మాట్లాడదాం, గేర్‌బాక్స్ దించే ఖర్చు ఇప్పుడే పెట్టకు.