తాగేది నల్లా నీళ్లే, వంట మాత్రం బోరు నీళ్లతో. పర్వాలేదా?

అందరికీ నమస్తే. మాది మర్రిగూడ మండలంలో ఒక పల్లె. ఈ ఊరికి కోడలిగా వచ్చి తొమ్మిదేళ్లు. మా మామయ్యకు ఫ్లోరోసిస్, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు. వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పలేరు, కర్ర ఆనించుకుని ఒళ్లంతా తిప్పి చూస్తారు. చిన్నప్పటి నుంచీ బావి, బోరు నీళ్లే తాగిన మనిషి.

ఇప్పుడు మా ఇంటికి నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. తాగడానికి అవే పడతాం. కానీ ఎసరుకు, పప్పుకు, చారుకు అత్తమ్మ బోరు నీళ్లే పోస్తుంది. నల్లా నీళ్లు బ్లీచింగ్ వాసన వస్తాయంటుంది. "మరిగితే ఏదైనా పోతది కదా బిడ్డా" అంటుంది.

పోయిన నెల మా పెద్దోడికి పైన రెండు కొత్త పళ్లు వచ్చాయి. వాడికి ఏడేళ్లు. పళ్ల మీద సుద్దముక్కతో అడ్డంగా గీసినట్టు తెల్ల చారలు. తడిగుడ్డతో రుద్ది చూశాను, పోలేదు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. పాపకు రెండేళ్లే. వంట నీళ్లతో నిజంగా అంత తేడా ఉంటుందా? ఉంటే అత్తమ్మ నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి?

జవాబు 1 (పళ్ల డాక్టర్‌ని, నల్లగొండ)
ఉంటుందమ్మా. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. ఆవిరయ్యేది నీళ్లే కాబట్టి గిన్నెలో ఇంకా చిక్కబడుతుంది. ఎసరంతా అన్నం మెతుకే పీల్చుకుంటుంది కదా. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు.

బాబు పళ్లు చూడకుండా ఫ్లోరోసిసే అని చెప్పలేను, ఒకసారి చూపించండి. ఒకవేళ అదే అయితే ఆ చారలు పసితనంలో చిగుళ్ల లోపలే పడ్డవి. జ్ఞానదంతాలు తప్ప మిగతా పళ్లు ఎనిమిదేళ్ల లోపే లోపల తయారవుతాయి. అంటే పాప పళ్లు ఇప్పుడు తయారవుతున్నాయి. వంట నీళ్లు రేపే మార్చండి.

జవాబు 2 (రిటైర్డ్ టీచర్‌ని, మునుగోడు)
తల్లీ, అత్తమ్మకు నోటితో చెప్పకు, చూపించు. పంచాయతీలో నీళ్ల పరీక్ష కిట్టు ఉందేమో అడుగు. మందు వేస్తే మంచి నీళ్లు గులాబీ రంగులో ఉంటాయి, ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ పసుపుకు తిరుగుతాయి. బ్లీచింగ్ వాసనంటావా, రాత్రి బిందెలో పట్టి పల్చటి గుడ్డ కట్టి ఉంచితే తెల్లారేసరికి చాలావరకు పోతుంది.

ఇంకోమాట. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టారు, నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు. అది విని ఇంట్లో అంచనాగా పటిక వేయకండి. నీటిని పరీక్షించి మోతాదు కట్టాలి.

మళ్లీ నేనే
సార్, కిట్టు దొరికింది. నిన్న వాకిట్లోనే చేశారు. నల్లా నీళ్లు గులాబీ రంగులోనే ఉన్నాయి, బోరు నీళ్లు పసుపు రంగుకు మారాయి. అత్తమ్మ ఏమీ అనలేదు. చాలాసేపు మామయ్య వైపే చూస్తూ కూర్చుంది. సాయంత్రం చూస్తే బోరు బిందె పొయ్యి పక్కన లేదు, గిన్నెలు తోమేచోటికి చేరింది.

రాత్రి ఇంకో సంగతి తట్టింది. మావాడు మధ్యాహ్నం తినేది బళ్లో. అక్కడ ఏ నీళ్లతో వండుతున్నారో? వండే అక్కది మా వాడకట్టే. సోమవారం కిట్టు తీసుకుని నేనూ వెళ్తున్నా.